ఉత్తరం బాణం

నేను కరీంనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తాను. గీయడమంటే పెన్సిలూ పాడూ ఏమీ ఉండవు, అంతా కంప్యూటరే. ఇరుకు గది పెద్దగా కనిపించాలంటే అందులో గీసిన మంచాన్నీ సోఫానూ స్కేల్ తగ్గిస్తాం. అడ్డొచ్చిన కరెంటు స్తంభాన్ని మూవ్ కొట్టి పక్క ప్లాటు ముందుకు జరుపుతాం. సిగ్గుమాలిన పనే. మొదట్లో ఒకటికి రెండుసార్లు ఆలోచించేదాన్ని, ఇప్పుడు అదీ లేదు.

ఒకరోజు నస్పూర్ దగ్గర వేస్తున్న వెంచర్ నక్షా, అంటే ప్లాట్ల ప్లాను, వచ్చింది. రోడ్లు వంకర. ప్లాట్లన్నీ తూర్పు తప్పి ఆగ్నేయం వైపు చూస్తున్నాయి. అలాంటివి మా వైపు ఎవరూ ముట్టుకోరు. మా సారు నా కుర్చీ వెనక నిలబడి, "గా ఉత్తరం బాణం జర తిప్పమ్మా. కొనేటోళ్లు కాగితం జూస్తరు గని దిక్కులు జూస్తరా?" అన్నాడు. రొటేట్, ముప్పై డిగ్రీలు. బాణం ఒక్కటే తిరిగింది. అన్నీ తూర్పు ముఖం ప్లాట్లయిపోయాయి. కింద గీసినవారి గడిలో నా పొడి అక్షరాలు వేశాను.

ఆ అక్షరాలు చూసే మా బాపు అందులో ప్లాటు కొన్నాడు, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా. బాపు బొగ్గుబాయి కార్మికుడు. ఉద్యోగమంతా తెల్లారకముందే గనిలోకి దిగి పొద్దుపొడుపు ఎరగనివాడు. రిటైరయ్యాక ఆయనకు ఒకటే కోరిక. "సొంత ఇల్లు గట్టాలె, లేచి కూసుంటే పొద్దు నా గడప మీద వడాలె."

రిజిస్ట్రేషన్ అయ్యాక కాగితాలు నా ముందు పరిచాడు. "నీ చేతి నక్షానే బిడ్డా! ఇగ నాకేం ఫికర్?"

ఆ పూటే చెప్పాల్సింది. కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేశాను.

అది చలికాలం. ఆ నెలల్లో సూర్యుడు ఎలాగూ ఆగ్నేయం వైపు జరిగే లేస్తాడు. తెల్లారి పోయి చూసిన బాపుకు పొద్దు ప్లాటుకు సరిగ్గా ఎదురుగా కనిపించింది. పునాదికి ముగ్గు పోసేముందు మేస్త్రి, "పెద్దయ్యా, ఓసారి ఫోన్ల దిక్కులు జూద్దమా?" అన్నాడు. "నా బిడ్డ నక్షా ఉండంగ ఫోనెందుకు?" అని బాపు కొట్టిపారేశాడు.

ఎండాకాలంలో గృహప్రవేశం చేశాం. బాపు తెల్లవారకముందే కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. పొద్దు ఎడమ పక్కింటి గోడ వెనక నుంచి లేచింది. మా గడప మీద నీడ అలాగే ఉంది. బాపు మొహం చూడలేకపోయాను.

మధ్యాహ్నం మేస్త్రికి బట్టలు పెట్టాలి, అది ఇల్లు కట్టినవాడికి చేసే మర్యాద. అవ్వ, అంటే మా అమ్మ, పళ్లెంలో ధోవతి, తువ్వాల సర్ది తెచ్చింది. బాపు పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇల్లు వంకర గట్టినోనికి బట్టలా?"

"నేను నక్షా ప్రకారమే గట్టిన పెద్దయ్యా. నక్షాలనే ఏదో..."

"నోర్ముయ్! అది నా బిడ్డ గీసింది. తప్పెట్లుంటది? నువ్వే చెప్పు బిడ్డా."

ఇద్దరూ నావైపు చూశారు. మేస్త్రి చేతిలో ఫోన్ ఉంది, దిక్కులు అందులో కనిపిస్తూనే ఉన్నాయి.

"నక్షా సరిగ్గనే ఉంది బాపూ," అన్నాను.

మేస్త్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అయితే నాదే తప్పు తియ్యి," అని అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

ఆ బట్టలు ఇంకా అవ్వ బీరువాలోనే ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా బాపు మేస్త్రిని తిట్టి, నన్ను మెచ్చుకుంటాడు.