ఆంప్లిఫయరుకు పెట్టిన పరీక్ష

ఈ మధ్య లోకంలో అందరూ నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నారని నాకు గట్టి నమ్మకం ఉండేది. టీవీలో వార్తలు చదివేవాళ్లు, ఫోనులో మా అమ్మాయి, హోసూరు బస్టాండు దగ్గర టీ అంగడి ఆయన, అందరూ గొణిగేవాళ్లే. మా ఆవిడకు మాత్రం వీళ్లందరి మాటలూ శుభ్రంగా వినబడేవి. కృష్ణగిరిలో మంచి చెవుల డాక్టరు ఉన్నాడట, పోదాం రమ్మని నెలల తరబడి పోరుతోంది. నేను లెక్క చేయలేదు. ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో ఎలక్ట్రీషియనుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రేకుల మీద ప్రెస్సులు దబదబా పడే ఆ హోరులో ఏ మోటారులో బేరింగు అరిగిందో చెవితోనే చెప్పినవాణ్ణి. నా చెవులకు పరీక్షేమిటి?

నిజం చెప్పాలంటే భయం. చెవికి మిషను తగిలించుకుంటే, ముసలివాణ్ణి అయిపోయానని వీధంతా చాటింపు వేయించినట్టే అనిపించేది.

ఆ పోరు పడలేక ఒక రోజు అటక మీది పాత హైఫై ఆంప్లిఫయరు దించాను. పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి కొన్నది. దాని గొంతు నాకు బాగా తెలుసు. ఆ రోజుల్లోనే రాయకోటలో మా మామగారి బృందం చెక్క భజన చేస్తుంటే క్యాసెట్టులో రికార్డు చేశాను. భజన చెక్కలకు చిన్న చిన్న ఇత్తడి బిళ్లలు బిగించి ఉంటాయి. చెక్క టకటకమంటుంటే బిళ్లలు ఘల్లుఘల్లుమంటాయి. ఈ ఆంప్లిఫయరులో ఆ ఘల్లు వింటే గదినిండా చిల్లర చల్లినట్టుండేది.

"దీన్ని రిపేరీ చేసి మీ నాయన క్యాసెట్టు పెడతా. బిళ్లల సద్దు నాకు ఇనబడితే నువ్వు ఇంక డాక్టరు మాట ఎత్తకూడదు" అన్నాను.

"ఇనబడకపోతే?"

"నోరు మూసుకోని నీ ఎనక వస్తాలేమ్మే."

"మాట తప్పకూడదు మల్ల" అని ఆమె తన పనిలో పడింది.

ఆంప్లిఫయరు స్విచ్చు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూత విప్పి చూస్తే ఫ్యూజు మాడిపోయి ఉంది. ఎందుకు మాడిందో చూడకుండా కొత్త ఫ్యూజు వేసి కరెంటిస్తే అదీ పోతుంది. అందుకని మావంటి వాళ్లం కొత్త ఫ్యూజు వేశాక కరెంటు తీగకు మధ్యలో ఒక గుండు బల్బు కలుపుతాం. దాన్ని సీరీస్ బల్బు అంటాం. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. అంతా సవ్యంగా ఉంటే ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. మాది నిండుగా వెలిగింది. వెతికితే ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న నాలుగు డయోడ్లలో ఒకటి షార్టయి ఉంది.

మరునాడు అంగడికి పోయి కొత్త డయోడ్లు తెచ్చి, నాలుగూ మార్చేశాను. టంకం బాగానే కూచుంది. ఈసారి బల్బు భగ్గుమని వెలిగి మెల్లగా మసకబారింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే ఇంకొకటి మిగిలింది. కరెంటు వచ్చిన కాసేపటికి లోపలున్న రిలే టక్కుమని స్పీకర్లను కలపాలి. ఆ టక్కు రాలేదు. ఇదీ పోయిందని విసుక్కుంటుంటే, పక్కన బీన్సు తరుగుతున్న మా ఆవిడ తలెత్తింది.

"ఇప్పుడే కదప్పా టక్కుమనింది?"

ఆపి, మళ్లీ వేసి, రిలే మీద వేలు ఆనించాను. వేలికి చిన్నగా తగిలింది. ఫ్యాను హోరులో వినబడలేదులే అనుకున్నాను. ఆ ఫ్యాను తిరుగుతున్నది మా ఆవిడ నెత్తి మీద.

బల్బు తీసేసి, స్పీకర్లు తగిలించి, క్యాసెట్టు పెట్టాను. మామగారి గొంతు ఖంగుమంది. మద్దెల వచ్చింది. చెక్కల టకటక వచ్చింది. బిళ్లలు రాలేదు. సన్నని చప్పుళ్లను పెంచే ట్రెబుల్ నాబు చివరిదాకా తిప్పాను. చెవి స్పీకరుకు ఆనించాను. ఊహూఁ.

"టేపు అరిగిపోయింది. లేకుంటే స్పీకరే పోయుంటుంది" అన్నాను.

మా ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "తగ్గించప్పా! ఆ బిళ్లలు చెవుల్లో గుచ్చుతుండాయి."

నాకు ఒళ్లు మండింది. పందెం గెలవాలని అబద్ధమాడుతున్నావని గట్టిగానే అరిచాను.

ఆమె లేచి, ఆంప్లిఫయరు ఆపేసింది. ఫ్యాను కూడా ఆపేసింది. లోపలికి పోయి, దేవుడి గూడు పక్కన గుడ్డలో చుట్టిపెట్టిన వాళ్ల నాన్న చెక్కలు తెచ్చి, నాకు ఎదురుగా నేల మీద కూచుని కొట్టడం మొదలుపెట్టింది.

నా కళ్ల ముందే ఇత్తడి బిళ్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెక్క టకటకమంటోంది. బిళ్లలు ఒక్క చప్పుడూ చేయడం లేదు. తప్పు పట్టడానికి ఇక డయోడు లేదు, టేపు లేదు, స్పీకరు లేదు. నాకు ఏడుపు వచ్చేసింది. వినబడటం లేదన్న బాధ ఒకటైతే, ఎప్పటినుంచి వినబడటం లేదో కూడా నాకు తెలియకపోవడం అంతకన్నా పెద్ద బాధ.

"ఇనబడిందా?" అని అడిగింది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. నాకన్నా ఆమే ఎక్కువ భయపడినట్టుంది.

"చెక్క ఇనబడిందమ్మే" అన్నాను.

ఆమె చెక్కలను మళ్లీ గుడ్డలో చుట్టింది. దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోలేదు, బయటికి పోయేటప్పుడు తీసుకుపోయే, గోడకు తగిలించిన సంచీలో పెట్టింది.

"రేపు కృష్ణగిరికి ఇవి కూడా తీసకపోదాం. ఆ డాక్టరు మిషను పెట్టినాక మొదట ఇవే కొడతా. నువ్వు మా నాయన బిళ్లలు ఇనాల."