వలకు పడ్డ కొత్త ముడులు

శామీర్‌పేట చెరువులో వల వేసి బతికే బక్కయ్యకు ముప్పై ఎనిమిదో ఏట చేతి కీళ్లు వాచాయి. తెల్లారితే పిడికిలి బిగించలేడు. ఇది కీళ్లవాతం, పూర్తిగా పోయేది కాదు, మాత్రలు మాత్రం మానొద్దు అని మేడ్చల్ డాక్టరు చెప్పాడు. పోని జబ్బు ఊరికే ఎలా వస్తుంది? ఎవరో మందు పెట్టి ఉండాలి. వెతగ్గా వెతగ్గా తమ్ముడి భార్య బాలనర్సమ్మ దొరికింది. నొప్పులు మొదలైన వారమే ఆమె ఇంట్లో చేపల పులుసు తిన్నాడు మరి! ఆ గడప తొక్కడం మానేశాడు, మాత్రలూ మానేశాడు.

1997 ఎండాకాలం నాటికి గోడవైపు తిరిగి పడుకోవడమే అతని పని అయింది. తిండి సయించదు, నిద్ర పట్టదు. పలకరించడానికి వచ్చినవాళ్లు నవ్వుకోవడానికే వచ్చారనుకునేవాడు. వాళ్లు రావడం మానేస్తే అదీ కుట్రే అన్నాడు. ఇట్లాంటివాణ్ని ఎవరు మాత్రం ఎన్నాళ్లు పలకరిస్తారు!

ఇక మిగిలింది చెరువులో కలిసి వలలు వేసే జట్టులో చోటు ఒక్కటే. మనిషి రాకపోయినా అతని వల నీళ్లలో పడితే వాటా ఉంటుంది. ఏడాదంతా పడకపోతే ఆ చోటు ఇంకొకరిది. అది వాళ్ల కట్టుబాటు. ఒకరోజు బక్కయ్య దండెం మీది వల లాగి చూశాడు. చిరుగులన్నీ పూడి ఉన్నాయి, ముడులు కొత్తవి, తడి ఆరలేదు.

"నా వల ఎవడో ఏస్తున్నడు. నా జాగ గుంజుకుంటున్నడు," అన్నాడు భార్య యాదవ్వతో.

"నీకు అన్నీ అనుమానాలే," అని ఆమె మొహం తిప్పుకుంది. దాంతో ఆమె మీదా అనుమానం పుట్టింది.

మర్నాడు పొద్దున ఆమె వల చంకన పెట్టుకుని బయల్దేరితే వెనకే నడిచాడు. ఆమె నేరుగా బాలనర్సమ్మ వాకిట్లోకి వెళ్లి వల అందించింది.

"దొరికినవ్! ఇగ వలకు గుడ మంత్రం పెడ్తున్నవా?" అని అరిచాడు.

"చినిగింది అల్లుతున్న బావా," అంది బాలనర్సమ్మ తలెత్తకుండానే. "చినిగిన వల జట్టోళ్లు ఎయ్యనియ్యరు. మీ తమ్ముడే మోస్కపోయి ఏస్తున్నడు. నీ జాగ నీకే ఉన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"ఆమె ముట్టిందంటే కాలబెడ్తవని," అంది యాదవ్వ.

రోజూ కంచంలో పక్కకు నెట్టేసిన చేపముక్క తన వాటాదేనని అప్పుడు తెలిసింది. బక్కయ్య అరుగు మీద కూలబడ్డాడు. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది. ఇన్నాళ్లూ తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది.

"నాకు బతకబుద్ధి అయితలేదు, బాలనర్సమ్మా. ఎవలో చేసిన్రనుకుంటేనే జర నిమ్మలం ఉండె."

బాలనర్సమ్మ చెయ్యి ఆగింది.

"గీ మాట డాక్టరుకు చెప్పినవా?"

"చేతులు సూపిచ్చిన. గంతే."

"రేపు పోయి చెప్పు."

"నువ్వు గుడ రా," అన్నాడు బక్కయ్య. "నాకు గొంతు రాకుంటే నువ్వే చెప్పు."