వర్డెల్ పెట్టని క్లిప్పు

వర్డెల్ హకబీ స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్. చలి ఉదయాల్లో ఎవరి కారు మొరాయించినా పిలవకముందే వచ్చేస్తాడు. శనివారాలు మాత్రం మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో గొలుసు కర్ర పట్టుకుంటాడు. బంతి నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు కదిలిందో లేదో తేల్చేది రెండు కర్రల మధ్య ఉండే ఆ గొలుసే. కదలకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. దాని మధ్యలో, నేలమీది గీతకు సరిగ్గా ఒక క్లిప్పు పెడతారు. కర్ర కదిలినా దాన్నిబట్టి మళ్లీ సరైన చోట నిలబెట్టవచ్చు.

మొన్న ఆట చివర్లో మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. ఆటగాళ్లు దొర్లుకుంటూ మీదికి రావడంతో వర్డెల్ కర్ర వదిలి పక్కకు దూకాడు. తిరిగి చూస్తే క్లిప్పు లేదు. పెట్టడమే మరిచాడు. జనం హోరులో నోరు పెగలక, కర్రను అందాజుగా నిలబెట్టాడు. తర్వాత కొలిస్తే బంతి కర్రకంటే వేలెడంత ముందుంది. బంతి మావాళ్ల దగ్గరే ఉండిపోయి గెలిచాం. అవతలివాళ్లు రిఫరీ టీగ్‌ను దొంగ అన్నారు.

ఆదివారం చర్చి మెట్లమీద, మాతోపాటు చర్చికొచ్చే ఓడెల్, వర్డెల్ వీపు చరిచాడు.

"ఏం బ్రదర్, నీ కర్రకి కూడా మనమంటే ప్రేమేనా?"

అందరూ నవ్వారు. వర్డెల్ మొహంలో నెత్తురు లేదు.

"నిన్న టీగ్ ఇంటికి ఫోన్లు చేసి చంపుతామన్నారంట," అన్నాడు నాతో మెల్లగా. "ఆయన తప్పేం లేదు. తప్పు నాది. చెబితే ఈ ఊళ్లో నా మొహం ఎవరు చూస్తారు?"

"ప్రభువు చూస్తాడుగా," అన్నాను.

ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ వర్డెల్ లేచాడు. ముందు బెంచీ పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాడు. టీగ్ ఇంటికెళ్లి ఆయనకూ చెబుతానన్నాడు. ముందు వరసలో కూర్చున్న మా జట్టు కోచ్ వెనక్కి తిరగలేదు.

బయటికొచ్చాక ఓడెల్ మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాడు. ఓడెల్ భార్య నీటా మాత్రం పరుగున వచ్చి, చర్చి భోజనానికి తెచ్చిన మూత పెట్టిన చికెన్ గిన్నె వర్డెల్ చేతిలో పెట్టింది.

"టీగ్ గారింటికేగా? ఉత్త చేతుల్తో ఎలా వెళ్తావయ్యా? మా ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

కారు నేనే నడిపాను. టీగ్ ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు తడితే లోపల్నుంచి ఒక ఆడగొంతు.

"ఎవరు? పోలీసుల్ని పిలుస్తా!"

"గొలుసు పట్టుకునేవాణ్ణమ్మా. తప్పు కొలత నాది. ఆ మాట అయ్యగారితో చెప్పి, రేపు కాలేజీ ఆఫీసులో రాసిద్దామని వచ్చాను."

తెర కొంచెం కదిలింది. వర్డెల్ చేతుల్లో గిన్నె మూత టకటకలాడుతోంది. ఆవిడ ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది.