రోడ్డు అవతలి గొడుగు

2023 చలికాలం. బోధన్ బస్టాండ్ దగ్గర నాకొక మొబైల్ షాపు. సిమ్‌లు, రీచార్జ్‌లు, కవర్లు, పగిలిన గ్లాసులు మార్చడం నా పని. ఆ ఏడు దసరా పోగానే నాకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల, నరేశ్ అనే యువకుడు ఒక సిమ్ కంపెనీ గొడుగు పాతాడు. గొడుగు కింద ఒక టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అతను చేసేది ఒక్కటే, పోర్టింగ్. అంటే నంబర్ పాతదే ఉంచి కంపెనీ మార్చడం. ఆ పని నేనూ చేస్తాను. కానీ జనం అతని దగ్గరే మూగేవాళ్లు.

నాకు కడుపు మండేది, దాచుకోవడం ఎందుకు? పొద్దున్నే షట్టర్ ఎత్తి, ఊడ్చి, అగర్‌బత్తి ముట్టించి కూర్చునేది నేను. నా గిరాకీ నా కళ్ల ముందే రోడ్డు దాటుతుంటే లోపల కుతకుత ఉడికిపోయేవాణ్ణి. నరేశ్ నవ్వితే మంట, చాయ్ తెప్పించుకుంటే ఇంకా మంట. గాలివాన వచ్చి ఆ గొడుగు ఎగిరిపోతే బాగుండు అనుకున్న రోజులున్నాయి.

ఒకరోజు సాయన్న కూడా అటే పోయాడు. సాయన్న చెరుకు రైతు, మొదటి ఫోన్ కొన్ననాటి నుంచి నా దగ్గరే రీచార్జ్. బస్సు దిగి, నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుని, వెళ్లి గొడుగు కింద కూర్చున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని నా షాపుకొచ్చాడు.

"సేటూ, గీ కొత్త సిమ్ము సూడు. నిన్నటి సంది ఒక్క ఫోన్ వస్తలేదు."

"ఇచ్చినోని కాడికే పోరాదు?"

"ఆడ మంది నిండిర్రు. నువ్వైతే ఖాళీగనే ఉన్నవ్."

ఫోన్ అందుకుని చూశాను. కొత్త సిమ్ వేసి ఉంది, సిగ్నల్ లేదు. పోర్టింగ్ పెట్టాక నంబర్ కొత్త కంపెనీకి మారడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా పాత సిమ్మే పనిచేస్తుంది. అది ఆగిపోయాకే కొత్తది వేసుకోవాలి.

"పాత సిమ్ము ఏది సాయన్నా?"

"ఆయన టేబుల్ మీద పెట్టొచ్చిన. కొత్తది తీసుకుంటే పాతది వాపస్ ఇయ్యాలె గద? గ్యాస్ బండ ఇస్తలేమా, గట్లనే."

నరేశ్ ఇంకెవరితోనో మాట్లాడుతుంటే, ఎవరూ అడగకుండానే, ఖాళీ బండ అప్పజెప్పినట్టు సిమ్ అక్కడ పెట్టి బస్సెక్కాడట. నేను లోపల పండగ చేసుకున్నాను. "ఇన్నేళ్లు నా కాడ ఎన్నడన్న గిట్లయిందా?" అని పైకే అనేశాను.

సాయన్న ముఖం చిన్నబోయింది. "కటింగ్ ఆర్డర్ రావాలె సేటూ," అన్నాడు.

ఎవరి చెరుకు ఏ రోజు కొట్టాలో ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్‌కు పంపే మెసేజ్ అది. చెరుకు కొట్టే గుంపు మేస్త్రి కూడా అదే నంబర్‌కు ఫోన్ చేస్తాడు. రైతు దొరక్కపోతే గుంపు ఇంకో చేనుకు పోతుంది. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈలోగా చెరుకు నిలువునా ఎండి బరువు తగ్గిపోతుంది.

"మా తమ్ముని సిమ్ముకు చేన్ల ఫుల్ సిగ్నల్. గట్టు ఇవతల నాకు గుండుసున్నా. ఓర్వలేకనే మార్చిన సేటూ," అన్నాడు తల వంచుకుని.

ఓర్వలేక. ఆ మాట నాకు గుచ్చుకుంది. అతన్ని తీసుకుని, షాపు అట్లాగే వదిలేసి, ఎన్నడూ దాటని ఆ రోడ్డు దాటాను.

నన్ను చూడగానే నరేశ్ లేచి నిలబడ్డాడు. సంగతి చెప్పగానే సొరుగులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో సిమ్ ఉంది. "ఎవరిదో ఎర్కలేక దాచిన అన్నా. అడగనీకి వస్తరని సూస్తున్న." తర్వాత కుర్చీ జరిపి, "కూసో అన్నా," అన్నాడు. కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. దాంతో ఇంకా కుళ్లు పుట్టింది.

పాత సిమ్ వేయగానే ఫోన్ వరసగా మోగింది. మెసేజ్‌లు నేనే చదివాను. కటింగ్ ఆర్డర్ వచ్చి ఉంది, మర్నాడు పొద్దున్నే కొట్టాలని. అంతలో మేస్త్రి ఫోన్. సాయన్న బస్టాండ్ అంతా వినబడేటట్టు అరిచాడు: "ఉన్న, ఉన్న! చేన్లనే ఉంట! పక్కకు పోకుండ్రి!"

తిరిగి వస్తూ ఉండబట్టలేక అడిగాను. "గీ పోర్టింగ్ నేను గూడ చేస్త గద సాయన్నా. నా కాడికి ఎందుకు రాలే?"

"బస్సుల నిలవడి వస్త. నీ కాడ గూడ నిలవడాలె. ఆయన కుర్చీ జరిపి 'కూసో బాపూ' అన్నడు."

అప్పటిదాకా నేను ఆఫర్ల మీదా, ఆ కంపెనీ మీదా, చివరికి గొడుగు రంగు మీదా పడి ఏడ్చాను. నా గిరాకీని అటు లాగింది కుర్చీ అని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో నేను నేర్చుకున్నది అదొక్కటే, అదీ సాయన్న చెప్తే.

ఇప్పుడు నా షాపు ముందు కూడా కుర్చీలున్నాయి. సాయన్న బోధన్ వస్తే వాటిలోనే కూర్చుంటాడు. మొన్న చాయ్ తాగుతూ రోడ్డు అవతలికి చూసి, "సేటూ, ఆయన ఫ్యాన్ గూడ పెట్టిండు, సూసినవా?" అన్నాడు.

చూశాను. పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నాను.