సీతాకోకచిలుక కాళ్లతో రుచి చూసిన తీగ

రారవాయి లైన్లలో, అంటే చెరకు తోట కూలీల గదుల వరసల్లో, మాకు బియ్యం, పప్పు దొరికేవి, ఆకుకూర మాత్రం దొరికేది కాదు. గిరిమిట్ అనే ఐదేళ్ల కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఈ దీవికి వచ్చిన మాకు ఇక్కడి మొక్కలేవీ తెలియవు. మా ఆయన్ని దొరలు వేరే దీవిలోని వాయిలేవు తోటలకు పంపేశాక నేనూ, రెండేళ్ల పిల్లా మిగిలాం. పిల్లకు చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చేది. ఆకుకూర పడితే తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

మా ఊళ్లో కూర ఏరే ఆడవాళ్లు, విషం ఉండదని, పురుగు కొరికిన ఆకునే తెంపేవాళ్లు. నేను ఇంకాస్త తెలివి ఉపయోగించాను. పురుగు కన్నా దాని తల్లికే ఎక్కువ తెలుస్తుంది కదా అనుకుని, చెరకు గట్ల మీద సీతాకోకచిలుకలను గమనించడం మొదలుపెట్టాను. పెద్ద నల్లది ఒకటి ఆకు మీద వాలి, ముందు కాళ్లతో గబగబా తట్టి, నచ్చకపోతే ఎగిరిపోయేది. నచ్చితే గుడ్డు పెట్టేది. అది కాళ్లతోనే రుచి చూస్తోందని నాకు అర్థమైంది. మొదట్లో ఆకారం చూసి మోసపోయేది. కాసేపటికి తప్పు ఆకుల మీద వాలడమే మానేసేది. ఆవగింజంత తలలో అంత బుర్ర! దాని వెంటపడి అడవి అంచున ఒక చెట్టు పట్టుకున్నాను. ఆకు నలిపితే కరివేపాకు వాసనే. ఆ రోజు లైనంతా నా చారు ఘుమఘుమ. పక్క గదిలో ఉండే అక్క, మా విశాఖ వైపు మనిషే, మెచ్చుకుంది. నేను ఉబ్బిపోయాను. అదే నా కొంప ముంచింది.

మరుసటి వారం, నల్ల రెక్కల మీద లేతనీలం చుక్కలున్న రకం ఒకటి వాగు పక్క తీగ మీద గుడ్లు పెడుతూ కనిపించింది. దానికి తొందర లేదు, భయం లేదు. ఒక మైనా దాన్ని ముక్కుతో పట్టి, వెంటనే వదిలేసి, ముక్కును కొమ్మకేసి రుద్దుకుంది. చిరిగిన రెక్కతోనే అది మళ్లీ వచ్చి అదే తీగను తట్టింది. నాకు నవ్వొచ్చింది. తీగలోని విషమే దాని ఒంట్లో చేరి పిట్టల నుంచి కాపాడుతుందని, ఆ కాళ్లు వెతికేది ఆ రుచినేనని చాలా ఏళ్లకు ఒక మాస్టారు చెబితే తెలిసింది. అది తన పిల్లల కోసం రుచి చూసుకుంటోంది, నా పిల్ల కోసం కాదు.

తీగ తెంపితే పాలు కారాయి. పాలు కారే తీగలు ఊళ్లో కొన్ని వండుకునేవాళ్లమే, అందుకే జంకలేదు. ఉడికించి, నీళ్లు వంపేసి, పప్పులో కలిపాను. పిల్ల మొదటి ముద్ద ఉమ్మేసింది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అది ఉమ్మేస్తంది కదే, ఎందుకలా కుక్కుతన్నావ్?"

"నీకు తెల్దక్కా. సీతాకోకలు ఏరిన ఆకిది."

రెండో ముద్దకు పిల్ల తల తిప్పుకుంది. నాకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి చెరకులో వంగి వంగి నడుం విరిగిపోయి ఉన్నాను. ముక్కు మూసి, నోరు తెరిపించి మింగించాను. మూడోదీ అంతే.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి. ముందు పసరు, తర్వాత నురగ, తర్వాత కక్కడానికి ఏమీ లేదు. కళ్లు తేలేసింది. నేనూ అదే పప్పు తిన్నాను గానీ నా ప్రాణం గట్టిది. అక్క పిల్లను ఒళ్లో వేసుకుని మూడు రోజులు కొబ్బరినీళ్లు చుక్క చుక్కగా పోసింది.

పిల్ల బతికింది. నాలుగో రోజు ఆకలేసి ఏడ్చింది. నేను పరుగున అన్నం కలిపి తెచ్చాను. తెల్లన్నం, ఉప్పు, అంతే. నా చెయ్యి దగ్గరికి రాగానే పెదాలు బిగించి, అక్క కొంగులో మొహం దాచుకుంది. అదే పళ్లెం అక్క తీసుకుని పెడితే గబగబా తినేసింది.

ఆ ఏడాదంతా అంతే. నేను వండేదాన్ని, అక్క తినిపించేది.

"మరిసిపోతదిలేవే," అనేది అక్క, నా వైపు చూడకుండా.

నేను పొయ్యి దగ్గరే కూర్చుని, నా పిల్ల ఇంకొకరి చేతికి నోరు తెరవడం చూసేదాన్ని.