బసుపి బండిని వదిలేదాకా

మౌన్ ఊరి నుంచి ఎవరు ఎక్కడికి బయల్దేరినా వాళ్ళు బతికి చేరరని ర్రా బసుపికి గట్టి నమ్మకం. చేరి, తిరిగొచ్చి, ఎదురుగా నిలబడ్డవాళ్ళని చూసినా ఆ నమ్మకం సడలేది కాదు. ఈసారికి తప్పిందనుకునేవాడు. ఊరి చివర పంపులో పెట్రోలు పోయడం ఆయన ఉద్యోగం. పోయకుండా ఆపడం ఆయన స్వభావం. ఆ పంపు దాటితే రాకోప్స్ ఊరిదాకా చుక్క పెట్రోలు దొరకదు కనుక, ఊరందరి ప్రాణాలూ ఆయన గొట్టానికి వేలాడుతూ ఉండేవి.

మా దేశంలో మగవాణ్ణి ర్రా అనీ, ఆడమనిషిని మ్మా అనీ పలకరించి, కుశలం అడిగాకే ఏ మాటైనా. మంత్రిగారైనా, మేకలు కాసేవాడైనా అంతే. బసుపి ఒక్కడే కిటికీలోకి తలపెట్టి, "నీళ్ళెన్ని?" అనేవాడు.

ఒకసారి నెత్తిన డేరా కట్టిన కారులో ఒక పరదేశీ జంట వచ్చింది.

"నీళ్ళెన్ని?"

"రెండు సీసాలు."

"అవి మొహం కడుక్కోడానికి. తాగడానికి?"

భర్త రెండు సీసాల్నీ ఎత్తి మళ్ళీ లెక్కపెట్టాడు.

"మనిషికి రోజుకి ఐదు లీటర్లు. నారింజపళ్ళున్నాయా?"

"ఉన్నాయి. కావాలా?"

"నాక్కాదు, ఏనుక్కి కావాలి. వాసన పట్టిందంటే కారు తలుపు తీసి అడగదు. దింపెయ్యండి."

అంతటితో వదిలితే ఆయన బసుపి ఎందుకవుతాడు? డేరా జిప్పు చివరిదాకా పడుతుందో లేదో చూడాలన్నాడు. చూడాలంటే డేరా విప్పాలి. లోపల మనుషులుంటే గానీ జిప్పు అసలు గుణం తెలియదు. మిట్టమధ్యాహ్నం, పంపు పక్కన, ఆ భార్యాభర్తలు డేరాలో పడుకున్నారు. వెనక తొమ్మిది బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. బసుపి చెవి జిప్పుకి ఆనించి, "ఇంకోసారి వెయ్యండి" అన్నాడు.

ఇంత ప్రయాణజ్ఞానం ఉన్న మనిషి తన యాభైయెనిమిదేళ్ళలో పశువుల జబ్బులు పాకకుండా ప్రభుత్వం వేసిన కంచె గేటు దాటి అవతలికి పోయింది లేదు. అడిగితే, "దారుల గురించి ఇంత తెలిశాక ఎలా పోతానండీ?" అనేవాడు.

ఇలాంటి మనిషి చేతిలో మా మేనల్లుడు తూసో పెళ్ళి పడింది.

పిల్లనడగడానికి వెళ్ళేవాళ్ళు పొద్దు పొడవకముందే ఆ ఇంటి గేటు ముందుండాలి. తూసో ఇష్టపడ్డ పిల్లకి మేనమామ ర్రా కెరెంగ్. అంతకుముందొచ్చిన సంబంధంవాళ్ళని, సూర్యుడు మీకంటే ముందొచ్చాడంటూ వెనక్కి పంపిన ఘనుడు. అందుకని ముందురోజే ఆ ఊరు చేరి, తెలిసినవాళ్ళింట్లో పడుకోవాలనుకున్నాం. మేనమామలం కనుక ఒలెబిలె అనే నేనూ, మా అన్న గబాకె. మేనత్త కనుక సెతున్యా వదినగారు. పన్నెండింటికి నా పాత ట్రక్కులో బయల్దేరాం. పన్నెండూ ఐదుకి బసుపికి దొరికాం.

"నీళ్ళెన్ని?"

"ముందు కుశలం అడగవయ్యా. శుభకార్యానికి వెళ్తున్నాం" అన్నాడు అన్న.

"శుభకార్యానికెళ్తే దాహం వెయ్యదా? స్టెప్నీ చూపించండి."

చూపించాం. ఆయన బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది.

"ఇది టైరు కాదు, టోపీ" అంటూ స్వయంగా దొర్లించుకుంటూ పంక్చరు కొట్టుకి బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి రెండు గంటలు. ఆ పైన పాఠం. పచ్చిమాంసం ఉంటే ఇక్కడే దింపండి, కంచె దగ్గర లాక్కుంటారు. సాయంత్రమైతే గాడిదలు రోడ్డు మీద పడుకుంటాయి, అవి లేవవు. బండి ఆగితే బండి వదిలి నడవకండి. ఇసుకలో జాకీ దిగబడుతుంది, ఇదిగో దాని కింద వెయ్యడానికి చెక్క. ఎవరింట్లో దిగుతారు? ఫోన్ నంబరు? పిల్ల తరఫువాళ్ళెవరు, వాళ్ళ నంబరు?

"బావగారూ, మనం వెళ్తున్నది పిల్లనడగడానికా, యుద్ధానికా?" అంది వదినగారు.

రెండున్నరకి బసుపి వదిలాడు. మలుపు తిరగ్గానే అన్న, "ఆపరా" అన్నాడు. ట్రక్కు వెనక అన్న కుర్చీ ఉంది: తోలుపట్టీల అల్లికది, తాతలనాటిది. పెద్దమనిషి ఏ సభకెళ్ళినా తన కుర్చీలోనే కూర్చోవాలి. కూర్చోకపోతే పెద్దమనిషి కాడు. బసుపి చెక్క దాని కాలికి ఒరుసుకుంటోందట. అన్న ఆ చెక్కని తీసి ముళ్ళపొదల్లోకి, తొమ్మిదిన్నర తరాల గౌరవంతో, విసిరేశాడు.

నాలుగున్నరకి తారురోడ్డు వదిలి ఇసుకదారి పట్టాం. పావుగంటలో ముందువైపు టైరు పేలింది.

జాకీ పెట్టాను. బండి లేవలేదు, జాకీ దిగింది. మళ్ళీ పెట్టాను. ఇంకా దిగింది.

"బావగారూ, చెక్క..."

"వదినగారూ, ఆ మాట ఇంకోసారి అనకండి."

ఫోన్లలో సిగ్నల్ లేదు. దారి పక్కన ఏనుగు పేడ, ఇంకా పొగలు కక్కుతోంది. పొద్దు వాలుతోంది. రేపు తెల్లవారకముందు ఆ గేటు దగ్గర లేకపోతే తూసో మొహం ఎలా చూడాలో నాకు తెలియలేదు. చివరికి అన్న తలతిప్పుకుని, "ఆ కుర్చీ పెట్టరా" అన్నాడు. పెట్టాను. తాతలనాటి కుర్చీ ఒక్క మూలుగు మూలిగి నాలుగు ముక్కలైంది.

అన్న కోటు గుండీలు పెట్టుకుని నడక మొదలెట్టాడు. వదినగారు చెయ్యి పట్టుకుంది.

"నడవద్దన్నాడుగా బసుపి!"

"బసుపి ఉన్నాడా ఇక్కడ?"

అప్పుడు గాడిదబండి చప్పుడైంది. పశువుల మందకాడ ఉండే ముసలాయన దిగి, ముగ్గుర్నీ పరకాయించి చూశాడు.

"ర్రా, మ్మా, బాగున్నారా? మీలో బాగా కోపంగా ఉండే ఆయనెవరు?"

మేమిద్దరం అన్నకేసి చూశాం.

"అయితే చెక్క పారేస్తారన్నది మిమ్మల్నే. ఇంకోటి తెచ్చాను."

సంగతేమిటంటే, మేం ఐదుంపావుకి చేరాలని బసుపి లెక్క. దిగాల్సిన ఇంటికి ఫోన్ చేశాడు, రాలేదన్నారు. తారురోడ్డు వదిలే మలుపులో ఉన్న కొట్టుకి చేశాడు, నాలుగున్నరకి దాటారన్నారు. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఈయన మంద. ఈయన సాయంత్రాలు చెదలపుట్ట మీదకెక్కి కూర్చుంటాడట, అక్కడే సిగ్నల్ తగులుతుంది కనుక.

"బసుపి మీకు చుట్టమా?" అన్నాను.

"మొహం కూడా చూళ్ళేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తుంటాడు. 'ఫలానా రంగు బండి, లోపల చంటిపిల్ల ఉంది, దాటిందా?' అంటాడు. దాటిందనే దాకా అన్నం తినడట."

నేను పదకొండేళ్ళుగా ఏ ఊరెళ్ళినా, చేరిన కాసేపటికి ఆ ఇంట్లో ఫోన్ మోగడం, ఎవరో "ఆ, వచ్చారు వచ్చారు" అనడం అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి చుట్టాల బెంగో అనుకునేవాణ్ణి.

మర్నాడు ఇంకా చుక్కలుండగానే కెరెంగ్ ఇంటి గేటు ముందున్నాం. అన్న, టైరు మార్చాక ముసలాయన దగ్గర అడిగి తెచ్చుకున్న చెక్క మీద, సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. వాళ్ళు పిలిచాక, తలవంచి, పిల్ల మాటెత్తకుండా, పిల్లని అడగాల్సిన పద్ధతిలో అడిగాడు: "సొరబుర్రెడు నీళ్ళ కోసం వచ్చాం."

కెరెంగ్ వంగి మా అన్న కూర్చున్న చెక్కకేసి చూశాడు.

"నిన్న మౌన్ నుంచి ఒకాయన మాక్కూడా ఫోన్ చేశాడు" అన్నాడు చివరికి.

అయిపోయిందనుకున్నాను.

"వాళ్ళు ఆలస్యమైతే తప్పు నాది, నేనే ఆపాను, పిల్లాణ్ణి కాదనకండి అన్నాడు. మీ కుక్క కరుస్తుందా అన్నాడు. తర్వాత, మా పిల్ల మౌన్‌కి ఏ దారిన వస్తుంది, ఏ బండిలో వస్తుంది, దాని టైర్లు ఎలా ఉన్నాయి అని మొదలెట్టాడు. ఇస్తామని ఇంకా అనలేదయ్యా అన్నాను. 'అది మీరూ మీరూ చూసుకోండి, ముందు టైర్ల సంగతి చెప్పండి' అన్నాడు. ఎవరాయన? పిల్లాడికేమవుతాడు?"

నిన్న దారిపొడుగునా బసుపిని తిట్టిన నోటితోనే అన్న బదులు చెప్పాడు: "మావాడే. మా పెద్దల్లో ఒకడు."

"మా పిల్ల వెళ్ళే ఊళ్ళో అలాంటివాడొకడుంటే మాకు బెంగలేదు. పిల్లకి ఓలిగా ఇచ్చే పశువుల్ని తోలుకొచ్చేరోజు ఆయన్ని కూడా తీసుకురండి. ఆయన లేకుండా రావద్దు."

ఊరు చేరగానే పంపుకెళ్ళి ఈ కబురు చెప్పాను. బసుపి పెట్రోలు గొట్టం తగిలించేసి, దూరంగా రోడ్డుకేసి చూస్తూ నిలబడిపోయాడు.

"నేనా? అంత దూరమా?"

"మీరు లేకపోతే పెళ్ళి లేదన్నారు."

ఆయన గొట్టాన్ని మళ్ళీ తీసి, మళ్ళీ తగిలించాడు. సంతోషమో, భయమో తెలియలేదు.

"వస్తాను, ర్రా ఒలెబిలె. కాదనగలనా? కానీ నేను కూడా వచ్చేస్తే, మనం చేరామో లేదో ఇక్కణ్ణుంచి ఫోన్ చేసేదెవరు?"

వరసలో నిలబడ్డ ఏడు బండ్ల వాళ్ళూ ఒక్కసారే కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి, "మేం చేస్తాం" అన్నారు.

బసుపి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్క కిటికీ దగ్గరికీ వెళ్ళి, ఎవరి ఫోన్లో చార్జింగ్ ఎంతుందో చూడ్డం మొదలెట్టాడు.