తెల్ల టైలు మీద మూడు చుక్కలు

నా భార్య పోయిన నెలలో కన్నుమూసింది. ఖమ్మంలో, దవాఖానాలో, తెల్లవారుతుండగా, నిద్రలోనే. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఆ వార్త మా ఇంటికి కొత్త కాదు. ఆమె సైకాలజీ చెప్పిన డిగ్రీ కాలేజీకి మాత్రం కొత్తే. ఆ రోజు క్లాసులు జరగలేదని, పిల్లలు వరండాలో చాలాసేపు ఊరికే నిలబడ్డారని తర్వాత విన్నాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని తోటి లెక్చరర్లు అడిగారు. నాకు రాయడం అలవాటు లేదు. టెలిఫోన్ శాఖలో పనిచేసినవాణ్ణి. పొడుగ్గా మాట్లాడేవాళ్ళకు బిల్లు వేసిన ఉద్యోగం. అందుకని ఆమె పరిశోధన గురించి మాత్రం రాస్తాను. ఆమెను నేను బాగా తెలుసుకున్నది ఆ రోజుల్లోనే. అప్పుడు ఎక్కువసేపు ఆమె స్కూటరు మీద నా వెనక కూర్చుని ఉండేది.

మనిషి రక్తవర్గానికీ, ఆ మనిషి ఇష్టపడే వృత్తికీ ఏమైనా సంబంధం ఉందా? ఇదీ ఆమె పీహెచ్‌డీ విషయం. కొన్ని దేశాల్లో బ్లడ్ గ్రూపును బట్టి మనిషి స్వభావం చెప్పుకుంటారని ఎక్కడో చదివింది. "నిజమో అబద్ధమో మనవాళ్ళ మీద చూద్దామండీ" అంది. సెలవు దొరికితే చాలు, ఇద్దరం బయల్దేరేవాళ్ళం. కారేపల్లి చుట్టుపక్కల తండాలు, అశ్వారావుపేట పామాయిల్ తోటలు, భద్రాచలం అడవి అంచున ఉన్న హాస్టళ్ళు.

ఆమె సరంజామా చిన్నది. పరీక్ష మందులు చల్లగా ఉండాలి కాబట్టి వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు. మా స్నానాలగది కట్టినప్పుడు మిగిలిన తెల్ల టైలు ఒకటి, తువ్వాలలో చుట్టి. ఫ్లాస్కు చూసి ఊళ్ళలో పిల్లలు ఐస్‌ఫ్రూట్ అనుకుని వెంటపడేవాళ్ళు. సూది బయటికి తీయగానే ఒక్కడు మిగిలేవాడు కాదు.

వేలి రక్తం టైలు మీద మూడు చోట్ల పెట్టేది. ఒకదాని మీద 'ఏ' తేల్చే నీలం మందు, ఒకదాని మీద 'బీ' తేల్చే పసుపు మందు, మూడోదాని మీద పాజిటివా నెగటివా చెప్పే 'డీ', రంగులేనిది. పుల్లతో కలిపి, టైలును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపేది. ఎక్కడ రక్తం విరిగిన పాలలా ముక్కలవుతుందో చూసి గ్రూపు చెప్పేది. అది చిన్న అట్టముక్క మీద రాసి ఆ మనిషికే ఇచ్చేది. ఎప్పుడైనా రక్తం అవసరమైతే పనికొస్తుందని.

ఆ తర్వాత ప్రశ్నలు. పాడైన గడియారం బాగుచేయడం ఇష్టమా, జ్వరమొచ్చిన మనిషి పక్కన కూర్చోవడం ఇష్టమా? అశ్వారావుపేటలో గెలలు కోసే అతను దీనికి చాలాసేపు ఆలోచించాడు. "మిల్లు కూత ఉండంగ గడియారం ఎందుకు మేడమ్?" అన్నాడు. మా ఆవిడ ఇంటికొచ్చి ప్రశ్నలో గడియారం అన్న మాట కొట్టేసి ట్రాక్టరు అని రాసుకుంది. "ప్రశ్న తప్పయితే జవాబును తిట్టకూడదు" అనేది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఆమెకు అదే మాట.

ఒకరోజు ఒక చిన్న దవాఖానాకు వెళ్ళాం. అక్కడ నలుగురు నర్సులు. నలుగురిదీ 'ఓ' గ్రూపే. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నర్సులకూ సరదాగా ఉంది. "మాది నర్సుల గ్రూపంట" అని ఒకరినొకరు వేళాకోళం చేసుకున్నారు. తల్లికి జ్వరమని తీసుకొచ్చిన ఒక తండా మనిషి బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. అతనెవరో మాకు తర్వాత తెలిసింది. అంతకుముందు వాళ్ళ తండాలో పరీక్షలు చేసినప్పుడు అతను పొలంలో ఉన్నాడు గానీ, ఇంటర్ పాసైన అతని కూతురు వేలిచ్చింది. ఆ అమ్మాయిది బి. జ్వరమొచ్చిన మనిషి పక్కనే కూర్చుంటానని టక్కున చెప్పిన పిల్ల.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి బస్సెక్కి ఖమ్మంలో మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నర్సు ట్రైనింగుల సీటొచ్చింది మేడమ్. సోమవారం లోపట చేరాలె. మా నాయిన పోవద్దంటుండు."

"ఎందుకమ్మా?"

"నర్సులందరిది ఓ అంట. నాది బి అంట. నాకు ఆ పని రాదంట. మీరే చెప్పిండ్రంట."

మా ఆవిడ లోపలికి పిలిచి అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. అమ్మాయి బస్సులో, మేం స్కూటరు మీద. మా ఆవిడ టైలును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

తండ్రి వాకిట్లోనే ఉన్నాడు. గౌరవంగా మంచం వాల్చాడు. కానీ మాటలో మెత్తదనం లేదు.

"మీరు చదువుకున్నోళ్ళు మేడమ్. ఊకెనే సూదులు పొడువరు గద. ఏదో ఉంటెనే గద ఊరూరు తిరిగి పొడిచేది. నలుగురు నర్సులది ఓ. నా కండ్లతోని చూసిన. రేపు నా బిడ్డ ఆడ చదువు ఎక్కక వాపస్ వస్తె దాని గతేంది?"

కూతురు వాపస్ వస్తుందని అతని భయం. పోనే పోదని మా ఆవిడ భయం. అమ్మాయి గోడకానుకుని ఇద్దరి మొహాలూ చూస్తోంది.

"మీ వేలు ఇటివ్వండి అన్నా" అంది మా ఆవిడ.

అతను ఇచ్చాడు. చుట్టూ జనం చేరారు. నీలం చుక్క విరగలేదు. పసుపు చుక్క విరగలేదు. మూడోది విరిగింది.

"ఓ పాజిటివ్."

"అంటే?"

"నర్సుల గ్రూపు. మరి మీరు నర్సు కాలేదేం అన్నా?"

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్ళంతా. చెట్టు కింద పడుకున్న అతని బామ్మర్ది లేవకుండానే కేకేశాడు. "బావా, రేపటి సంది తండాల సూదులు నువ్వే ఇయ్యి!"

అతనికి రోషమొచ్చింది. "గా పండుకున్నోనిది గూడ చూడుండ్రి మేడమ్."

చూసింది. అదీ ఓ.

"వీనిది నాది ఒక్కటేనా! పొద్దున లేచి మొఖం కడుగుడే ఒక పని అనుకుంటడు వీడు!"

"నేను గూడ నర్సునే బావా. డ్యూటీ లేదు, అంతే."

ఇక అతను కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. టైలు తుడుస్తూ, అతనికి మాత్రమే వినిపించేటట్టు చెప్పింది. "రక్తం రక్తానికే పనికొస్తుంది అన్నా. ఏ పని వస్తుందో అందులో ఉండదు. పిల్ల వాపస్ వస్తే నన్ను అడగండి."

అతను వేలు దూదితో ఒత్తుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరగకుండానే అన్నాడు.

"సోమవారం బస్సు ఎన్నింటికే?"

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద మా ఆవిడ అంది. "ఆయన మీద నవ్వారు గానీ, నలుగురిని చూసి నేనూ ఆ రోజు నమ్మబోయానండీ. నాకంటే ముందు ఆయన నమ్మాడు, అంతే తేడా."

ఆ తర్వాత అట్టముక్కలు ఇచ్చిన ప్రతి ఊరికీ మళ్ళీ వెళ్ళింది. కొన్నిచోట్ల ఆ అట్టను దేవుడి పటం పక్కన మేకుకు గుచ్చి పెట్టుకున్నారు. కొన్నిచోట్ల పారేశారు. పారేసిన వాళ్ళకు మళ్ళీ రాసిచ్చింది. దాచినవాళ్ళకు అది దేనికో, దేనికి కాదో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు పెంచేది కాదు. విన్నవాళ్ళు తలూపినా, వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పేదాకా మంచం మీంచి లేచేది కాదు.

చివరికి లెక్కలన్నీ వేస్తే, రక్తవర్గానికీ వృత్తి ఇష్టానికీ ఆమెకు ఎక్కడా సంబంధం కనిపించలేదు. ఆమెకు మార్గదర్శకుడైన ప్రొఫెసరు మంచివారే. కొంచెం నిరాశపడ్డారు. "ఏమీ లేదని రాస్తే ఎవరు చదువుతారమ్మా? ఆ నర్సుల సంగతి ముందు పెట్టి మొదలుపెట్టు" అన్నారు. "ముందే పెడతాను సార్, ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి" అంది. అలాగే రాసింది. పట్టా కొంచెం ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేసింది. చక్కెర ఎక్కువైంది. అయినా ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

పని అయిపోయాక టైలును మరిగే నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, పెరటి ప్రహరీ మీద పెట్టింది. రోజూ పొద్దున దాని మీద నూకలు వేసేది. గోరింకలు వచ్చేవి, పిచ్చుకలు వచ్చేవి. ఒక్క కుప్పగా పోయడం ఆమెకు చేతకాలేదు. మూడు వేళ్ళతో తీసి మూడు చోట్ల పెట్టేది, వరసగా. "ఏ, బీ, డీ" అని నేను ఎగతాళి చేస్తే, "చెయ్యి అలవాటండీ" అనేది.

పోయిన నెల ఆమె దవాఖానాలో ఉన్నప్పుడు ఆ తండా అమ్మాయి వచ్చింది. ఇప్పుడు భద్రాచలం వైపు నర్సుగా చేస్తోంది. సెలవు పెట్టి వచ్చి, రెండు రోజులు పక్కనే కూర్చుంది. దిండు సర్దింది, జడ వేసింది. మా ఆవిడ కళ్ళు తెరిచి అడిగింది.

"నీది ఏం గ్రూపమ్మా?"

"బి, మేడమ్. నర్సులకు పనికిరానిది."

మా ఆవిడ నవ్వింది. ఆ తర్వాత ఆమె నవ్వడం నేను వినలేదు.

పదకొండో రోజున చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఆ మర్నాడు పొద్దున పెరట్లో గోరింకల గోల. ప్రహరీ మీద ఖాళీ టైలు చుట్టూ తిరుగుతున్నాయి. వంటింట్లో నూకల డబ్బా ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. గుప్పెడు తెచ్చి ఒకచోట పోయబోయాను. చెయ్యి ఆగింది. మూడు వేళ్ళతో తీసి మూడు చోట్ల పెట్టి, వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ముందు ఒక్క గోరింక దిగింది. తర్వాత నాలుగైదు. కాసేపటికి మూడు కుప్పలూ కలిసిపోయి, నూకలు టైలంతా తెల్లగా చెదిరి ఉన్నాయి.